సాయంత్రం రైల్లోనే కాల్ కట్ అవుతోంది, పొద్దున కాదు: వలిగొండ, రామన్నపేట మధ్య ఏముంది?

నల్లగొండ_రైలు
రోజూ నల్లగొండ నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో వెళ్లి వస్తాను. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆఫీసు వాళ్లతో ఒక కాల్ ఉంటుంది, బండిలో కూర్చునే మాట్లాడాలి. వలిగొండ దాటిన కాసేపటికి గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఆ తర్వాత ఏమీ వినబడదు, తర్వాత కాల్ కట్. ప్రతిసారీ అదే చోట. ఫోన్ మార్చి చూశాను, అంతే. వింత ఏమిటంటే పొద్దున వెళ్లేటప్పుడు అదే చోట కట్ కాదు. కస్టమర్ కేర్‌కు చెబితే "మీ ఏరియాలో నెట్‌వర్క్ బాగానే ఉంది మేడమ్, ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. ఏ ఏరియా? నేను ఉన్నది కదిలే బండిలో. మా టీమ్‌లో జిల్లా నుంచి వచ్చేదాన్ని నేనొక్కదాన్నే. నా మాట మధ్యలో ఆగిపోతే నేను లేకుండానే నిర్ణయాలు అయిపోతున్నాయి. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాలమూరు_భాయ్
టవర్లు తక్కువ అక్కా, అంతే. పొలాల మధ్య టవర్ వేస్తే వాళ్లకేం వస్తుంది? హైదరాబాద్‌లో గల్లీకొకటి, మన దిక్కు ఎక్కడో ఒకటి.

సూర్యాపేట_హైవే
టవర్లు తక్కువైతే పొద్దున కూడా కట్ కావాలి కదా భాయ్. పోస్టు పూర్తిగా చదవలేదు నువ్వు.

ఈసీఈ_ఫైనలియర్
ఇది డాప్లర్ ఎఫెక్ట్. బండి వేగానికి ఫ్రీక్వెన్సీ జరుగుతుంది, ఫోన్ పట్టుకోలేదు. సాయంత్రం ఎక్స్‌ప్రెస్, పొద్దున ప్యాసింజర్ అయి ఉంటుంది.

నల్లగొండ_రైలు
రెండూ ఎక్స్‌ప్రెస్‌లే తమ్ముడూ. వేగంలో పెద్ద తేడా లేదు.

డ్రైవ్‌టెస్ట్_అన్న
తమ్మీ, లెక్క వేసి చూడు. గంటకు 110 కిలోమీటర్లంటే సెకనుకు 30 మీటర్ల పైచిలుకు. 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మీద డాప్లర్ తేడా 183 హెర్ట్జ్ దాకా వస్తుంది. 4జీ సిగ్నల్‌ను సబ్‌క్యారియర్లు అనే సన్నని పాయలుగా విడగొడతారు, పాయకూ పాయకూ మధ్య ఎడం 15,000 హెర్ట్జ్. అందులో ఇది ఒకటింపావు శాతం కూడా కాదు. గంటకు 350 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకునేలా 4జీని తయారు చేశారు. మన బీబీనగర్ నడికుడి లైను మీద ఆ వేగం ఎక్కడిది?

అక్కా, మీ పోస్టులో అసలు ఆధారం "సాయంత్రమే, పొద్దున కాదు" అన్నది. నేను కొన్నేళ్లు డ్రైవ్ టెస్టులు చేశాను. కారులో ల్యాప్‌టాప్, దానికి తగిలించిన ఫోన్లు, నెత్తి మీద జీపీఎస్. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ రోడ్లన్నీ అలా తిరిగినవే. ఒక దిక్కున పోతే బాగుండి, రెండో దిక్కున పోతే తెగుతోందంటే మేం ముందు అనుమానించేది హ్యాండోవర్‌నే, అంటే నడుస్తున్న కాల్‌ను ఒక సెల్ (టవర్ కవర్ చేసే ఒక భాగం) నుంచి ఇంకో సెల్‌కు అందించడాన్ని.

కాల్ నడుస్తున్నప్పుడు ఏ సెల్‌కు మారాలో ఫోన్ నిర్ణయించదు. ఫోన్ కొలిచి చెబుతుంది, నిర్ణయం టవర్‌ది. పక్క సెల్ సిగ్నల్ ఇప్పుడున్న దానికంటే ఇన్ని డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి, ఆ ఆధిక్యం ఇన్ని మిల్లీసెకన్లు నిలవాలి అని ముందే సెట్ చేసి పెడతారు. దాన్ని ఏ3 ఈవెంట్ అంటారు. ఆ షరతు తీరగానే ఫోన్ "ఫలానా నంబరు సెల్ బాగుంది" అని రిపోర్టు పంపుతుంది. తిరకాసు అక్కడే ఉంది. టవర్ ఆ నంబరును తన పొరుగు సెల్‌ల జాబితాలో వెతుక్కుంటుంది. ఉంటే అవతలి టవర్‌తో మాట్లాడి, అక్కడ చోటు ఖాయం చేసుకుని, ఫోన్‌కు "మారు" అని ఆదేశం ఇస్తుంది. లేకపోతే ఫోన్ ఎంత మొత్తుకున్నా ఆదేశం రాదు.

ఈ జాబితా ఏ సెల్‌ది ఆ సెల్‌కే వేరు. రామన్నపేట వైపు సెల్ జాబితాలో వలిగొండ సెల్ ఉండి, వలిగొండ జాబితాలో రామన్నపేటది లేకపోతే ఏమవుతుంది? పొద్దున సాఫీగా సాగుతుంది. సాయంత్రం తెగుతుంది.

నల్లగొండ_రైలు
ఇన్నాళ్లలో ఇలా విడమరిచి చెప్పినవాళ్లు లేరు. మరి ఇది అదేనని ఎలా తేల్చుకోవాలి?

డ్రైవ్‌టెస్ట్_అన్న
ప్లేస్టోర్‌లో సెల్ నంబరు, సిగ్నల్ బలం (డీబీఎం) చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. బలం మైనస్ అంకెల్లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. ఒకటి వేసుకుని కాల్‌లో ఉండగానే చూడండి. ఇప్పుడున్న సెల్ నంబరు, దాని బలం, పక్కవాటి నంబర్లు, వాటి బలం. చోటు గుర్తుతో సహా రాసుకోండి. ఫోన్ పైన కనబడే సిగ్నల్ పాయింట్లు చూడొద్దు, అవి ఏమీ చెప్పవు.

దేవరకొండ_టీచర్
నాకు ఈ విషయాలు తెలియవు, అందుకే అడుగుతున్నాను. ఏ సిగ్నల్ బాగుందో ముందు తెలిసేది ఫోన్‌కే కదా. తానే మారిపోవచ్చుగా? టవర్‌ను అడగడం ఎందుకు?

వైమాక్స్_కాలంనాటి
మంచి ప్రశ్న టీచర్ గారూ. కాల్ లేనప్పుడు, డేటా నడవనప్పుడు ఫోన్ తానే మారుతుంది. అందుకే జేబులోంచి తీసి చూస్తే ఎప్పుడూ పాయింట్లు నిండుగా కనబడతాయి, కాల్ పెట్టాక తెలుస్తుంది అసలు సంగతి.

కాల్ నడుస్తున్నప్పుడు అలా కుదరదు. అవతలి సెల్‌లో ఖాళీ ఉందో లేదో ఫోన్‌కు తెలియదు. పైగా మీకు రావాల్సిన డేటా ఈ పాటికే పాత టవర్‌కు వచ్చి చేరుతూ ఉంటుంది. దాన్ని కొత్త టవర్‌కు మళ్లించాలి. ఇదంతా ఫోన్ అక్కడికి చేరేలోపే జరిగిపోవాలి. 4జీలో పాత టవర్‌ను వదిలాకే కొత్తదాన్ని పట్టుకుంటారు. మధ్యలో కొన్ని పదుల మిల్లీసెకన్లు ఖాళీ. సరిగ్గా జరిగితే చెవికి తెలియను కూడా తెలియదు.

నేను ఎంటెక్ చేసిన రోజుల్లో అందరి కళ్లూ వైమాక్స్ అనే వైర్‌లెస్ ఇంటర్నెట్ పద్ధతి మీద ఉండేవి. 2005లో వచ్చిన 802.16ఇ ప్రమాణంతోనే దాన్ని కదులుతూ వాడే వీలు వచ్చింది. మామూలు హ్యాండోవర్ కాక, ఒకేసారి రెండు మూడు బేస్ స్టేషన్లతో మాట్లాడే పద్ధతి కూడా అందులో ఐచ్ఛికంగా పెట్టారు. అప్పటి మా పెద్ద తలనొప్పి ఇంకొకటి: మనిషి కదిలితే ఐపీ అడ్రస్ మారకూడదు. మారితే నడుస్తున్న కనెక్షన్లన్నీ తెగుతాయి. దానికి 1996లోనే మొబైల్ ఐపీ అని ఒక పద్ధతి రాశారు. ఇల్లు మారినవాళ్ల ఉత్తరాలను పాత పోస్టాఫీసు కొత్త చిరునామాకు పంపుతుందే, అలా సొంత నెట్‌వర్క్‌లో ఒక ఏజెంట్ కూర్చుని ప్యాకెట్లను మనిషి ఉన్న చోటికి మళ్లిస్తుంది. చుట్టుదారి కాబట్టి ఆలస్యం. 4జీలో ఆ బాధ ఫోన్ మీద పెట్టలేదు. కోర్ నెట్‌వర్క్‌లో పీడీఎన్ గేట్‌వే అని ఒకటి ఉంటుంది, మీ అడ్రస్ అక్కడ కట్టి ఉంటుంది. మీరు నల్లగొండలో ఉన్నా ఘట్‌కేసర్‌లో ఉన్నా బయటి ప్రపంచానికి మీరు కదలనట్టే.

దేవరకొండ_టీచర్
అర్థమైంది సార్. ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా చెప్పొచ్చు ఇది.

మిర్యాల_లారీ
మా లారీలు మిర్యాలగూడ నుంచి బియ్యంతో బయలుదేరి బెంగళూరు దాకా పోతాయి. ట్రాకర్ ఎప్పుడూ తప్పు చూపించలేదు. కేబిన్‌లో పెట్టిన లైవ్ కెమెరా మాత్రం దారంతా ఆగుతుంది. రెండింటిదీ ఒకటే కంపెనీ సిమ్. ఎందుకట్లా?

డ్రైవ్‌టెస్ట్_అన్న
ట్రాకర్ పంపేది రెండు మూడు అంకెలు అన్నా. సిగ్నల్ లేకపోతే దాచుకుని, దొరికినప్పుడు ఒకేసారి పంపుతుంది. మీకు మ్యాప్ మీద గీత పూర్తిగానే కనబడుతుంది. లైవ్ వీడియోకు ఆ వెసులుబాటు లేదు, ఆ క్షణానిది ఆ క్షణానికే పోవాలి. కదలికలో దెబ్బ తినేవి లైవ్ వీడియో, కాల్, ఆటలు. యూట్యూబ్ వీడియో అంతగా ఆగదు, ముందే కొంత తెచ్చి పెట్టుకుంటుంది.

మక్తల్_కుర్రాడు
మాది ఇంకో రకం. మక్తల్ నుంచి రాయచూరు పోతుంటే కృష్ణ మీద బ్రిడ్జి దాటేటప్పుడు కాల్ కచ్చితంగా పోతుంది. దాటాక కాసేపు నెట్ కూడా రాదు. ఇదీ జాబితా గొడవేనా?

ఆప్టిమైజర్_జడ్చర్ల
కాదు తమ్మీ, అది సర్కిల్ (టెలికాం కంపెనీలకు లైసెన్సు ఇచ్చే ప్రాంతం) మారడం. టెలికాం లెక్కల్లో తెలంగాణ, ఆంధ్ర రెండూ ఇప్పటికీ ఒకటే సర్కిల్. అందుకే అలంపూర్ దాటి కర్నూలు పోయినా, వాడపల్లి దాటి గుంటూరు వైపు పోయినా నెట్‌వర్క్ కోడ్ మారదు. కర్ణాటక వేరే సర్కిల్. నీ కంపెనీ పేరు ఒకటే అయినా అక్కడ కోడ్ వేరు, ఫోన్‌కు అది రోమింగ్. నడుస్తున్న కాల్‌ను ఒక కోడ్ నుంచి ఇంకో కోడ్‌కు అందించాలంటే రెండు సర్కిళ్ల వాళ్లూ విడిగా ఏర్పాటు చేసుకోవాలి. అది లేని చోట తెగుతుంది.

దానికి తోడు ఫోన్‌కు సొంత నెట్‌వర్క్ అంటే పక్షపాతం. నది అవతలికి వెళ్లినా ఇవతలి ఒడ్డు టవర్ సన్నగా వినబడుతున్నంతసేపూ దాన్నే పట్టుకుంటుంది. బ్రిడ్జి దాటాక ఫ్లైట్ మోడ్ ఒకసారి వేసి తీసెయ్, కొత్తది వెంటనే వెతుక్కుంటుంది.

మక్తల్_కుర్రాడు
అందుకేనా మా ఊళ్లో కొన్ని ఫోన్లకు ఇంట్లో కూర్చున్నా కర్ణాటక మెసేజ్ వస్తుంది!

ఆప్టిమైజర్_జడ్చర్ల
అదే. నీళ్ల మీద సిగ్నల్‌కు అడ్డేమీ ఉండదు, చాలా దూరం పోతుంది.

అచ్చంపేట_అడవిదారి
మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం పోయే దారి గురించి కూడా ఎవరైనా మాట్లాడండి. అడవిలోకి దిగాక చాలా దూరం ఫోన్ ఉత్త గడియారమే. బండి ఆగిపోతే ఎవరికి చెప్పాలి? రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు గేటు మూసేస్తారు కాబట్టి వెనక వచ్చేవాళ్లు కూడా ఉండరు.

డ్రైవ్‌టెస్ట్_అన్న
అక్కడ హ్యాండోవర్ ప్రశ్నే రాదన్నా, అందుకునే టవర్ ఉండాలి కదా. పాలమూరు_భాయ్ చెప్పిన మాట అక్కడికి పూర్తిగా వర్తిస్తుంది. పులుల అభయారణ్యంలో టవర్ వేయాలంటే అటవీ అనుమతులు కావాలి, కరెంటు కావాలి, ఫైబర్ కావాలి. రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి. 112కు ఫోన్ చేస్తే మీ సిమ్ కంపెనీ సిగ్నల్ లేకపోయినా అక్కడ దొరికే వేరే ఏ కంపెనీ సిగ్నల్ మీదైనా పోతుంది. రెండోది, పల్లెల్లో టెలికాం సౌకర్యాల కోసం కేంద్రం నడిపే డిజిటల్ భారత్ నిధి డబ్బుతో వేసిన 4జీ టవర్ల మీద 2025 జనవరి నుంచి ఒక కంపెనీ టవర్‌ను ఇంకో కంపెనీ సిమ్ వాళ్లు కూడా వాడుకునే ఏర్పాటు మొదలైంది. అలాంటి టవర్ దగ్గర మీ ఫోన్‌లో డేటా రోమింగ్ ఆన్ ఉంటే మంచిది. మ్యాప్ మాత్రం హాజీపూర్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుని దిగండి.

నల్లగొండ_రైలు
యాప్ వేసుకున్నాను. నిన్న సాయంత్రం కాల్‌లో ఉండగా రాసుకున్నవి ఇవి.

వలిగొండ స్టేషన్ దాటగానే: నా సెల్ 212, మైనస్ 94. పక్కన 87 అని ఇంకోటి, మైనస్ 108.
తుమ్మచెట్లు వరుసగా వచ్చే చోట: 212 మైనస్ 103, 87 మైనస్ 97.
లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర: 212 మైనస్ 112, 87 మైనస్ 91. గొంతు ముక్కలు కావడం మొదలు.
గేటు దాటాక: 212 మైనస్ 119, 87 మైనస్ 88. "వినబడటం లేదు, వినబడటం లేదు" అంటున్నారు అవతల.
తర్వాత కాల్ కట్. నో సర్వీస్ అని ఒక్క క్షణం. వెంటనే 87 మీద నిండు సిగ్నల్.

మైనస్ 88 పక్కనే పెట్టుకుని మైనస్ 119 పట్టుకుని వేలాడుతోంది నా ఫోన్!

డ్రైవ్‌టెస్ట్_అన్న
ఇది బంగారం అక్కా. మేం డబ్బులు తీసుకుని చేసే పని మీరు కిటికీ పక్కన కూర్చుని చేశారు.

చూడండి అందరూ. గేటు దాటాక తేడా 31 డెసిబెల్స్. పవర్‌లో వెయ్యి రెట్ల పైమాటే. హ్యాండోవర్‌కు మామూలుగా 3 డెసిబెల్స్ దగ్గర పెడతారు. తుమ్మచెట్ల దగ్గరే 6 ఉంది, అక్కడే మారిపోవాలి. ఆగే టైమ్ 640 మిల్లీసెకన్లు పెట్టారనుకున్నా ఆ వేగంలో బండి 20 మీటర్లు జరుగుతుంది, అంతే. చెట్ల దగ్గర షరతు తీరి, గేటు దాటేదాకా మారలేదంటే ఆలస్యం కాదు ఇది, ఆదేశమే రాలేదు. 212 జాబితాలో 87 లేదు.

కట్ అయ్యాక ఏం జరిగిందో కూడా కనబడుతోంది. సిగ్నల్ మరీ పాడయ్యాక ఫోన్‌లో టీ310 అని ఒక టైమర్ నడుస్తుంది. అది తీరితే లింక్ పోయినట్టు లెక్క. అప్పుడు ఫోన్ తానే బలమైన సెల్‌ను ఎంచుకుని "నన్ను కొనసాగించు" అని అడుగుతుంది. ఆ సెల్‌కు ఈ ఫోన్ ఎవరో ముందే తెలిసి ఉంటే కాల్ బతుకుతుంది. తెలియకపోతే తిరగ్గొడుతుంది, మొదటి నుంచి చేరాలి. కాల్ పోయేది అక్కడ.

ఆప్టిమైజర్_జడ్చర్ల
అన్నతో ఒక చోట ఒప్పుకోను. జాబితాలో 87 ఉండి ఉండొచ్చు, కాకపోతే వేరే 87.

4జీలో ఈ సెల్ నంబర్లు మొత్తం 504. రాష్ట్రంలో వేల సెల్‌లు, కాబట్టి అవే నంబర్లు మళ్లీ మళ్లీ వాడాలి. దగ్గర దగ్గర రెండు 87లు పడితే గందరగోళం. మన జిల్లాల్లో గుట్టల మీద ఎత్తుగా కట్టిన టవర్లు ఉన్నాయి, వాటి సెల్ ఒకటి అనుకున్న హద్దు దాటి దూరం ఊళ్ల దాకా వినబడుతుంది. అలా ఎక్కడో ఉన్న 87ను వలిగొండ సెల్ ఎప్పుడో పొరుగుగా రాసుకుని ఉంటే, అక్క ఫోన్ "87 బాగుంది" అన్నప్పుడల్లా అది ఆ దూరపు 87ను అడుగుతుంది.

డ్రైవ్‌టెస్ట్_అన్న
అలాగైతే ఆ దూరపు 87 "సరే" అంటుంది, ఆదేశం వస్తుంది, ఫోన్ 212ను చెట్ల దగ్గరే వదిలేస్తుంది. దగ్గరి 87 తలుపు కొట్టి, అక్కడ చోటు లేక అప్పుడు పడిపోవాలి. మైనస్ 119 దాకా 212 మీదే ఉంది కదా లాగ్‌లో.

ఆప్టిమైజర్_జడ్చర్ల
దూరపు 87 "సరే" అంటేనే కదా. రెండు టవర్లూ మాట్లాడుకునే దారి లేకపోయినా, దూరపు 87 నిరాకరించినా ఆదేశం రాదు. లాగ్ ఇలాగే ఉంటుంది. ఉచిత యాప్‌లో ఫోన్‌కూ టవర్‌కూ మధ్య నడిచే సిగ్నలింగ్ మెసేజ్‌లు కనబడవు కాబట్టి బయటి నుంచి రెండింటినీ వేరు చేయలేం. కంపెనీ సర్వర్‌లో హ్యాండోవర్ ప్రిపరేషన్ ఫెయిల్యూర్ కౌంటర్ (అవతలి సెల్‌లో చోటు కుదరని ప్రయత్నాల లెక్క) చూస్తే నిమిషంలో తెలుస్తుంది. ప్రయత్నాలు ఉండి విఫలమైతే నా మాట, ప్రయత్నాలే లేకపోతే మీ మాట.

ఈసీఈ_ఫైనలియర్
ఆటోమేటిక్ నైబర్ రిలేషన్ అని మాకు చెప్పారు. కొత్త పొరుగు సెల్ కనబడితే జాబితాలో దానంతటదే చేరుతుందట. మరి ఎందుకు చేరలేదు?

డ్రైవ్‌టెస్ట్_అన్న
ఈసారి సరైన ప్రశ్న వేశావు తమ్మీ. తెలియని నంబరు రిపోర్టులో వస్తే టవర్ ఫోన్‌ను "దాని పూర్తి గుర్తింపు చదివి చెప్పు" అని అడుగుతుంది. చదవాలంటే ఫోన్‌కు ఉన్న సెల్ నుంచి కొంచెం ఖాళీ దొరకాలి. రైల్లో కాల్ మీద ఉన్న ఫోన్‌కు ఆ కాసేపూ దొరక్క, అప్పటికే సిగ్నల్ పాడై, చదవకుండానే పడిపోవచ్చు. ఇంకోటి, చాలా చోట్ల ఈ సదుపాయానికి హద్దులు పెడతారు. జాబితా నిండితే కొత్తవి చేర్చదు, కొన్నింటిని ఎవరో ఎప్పుడో నిషేధిత జాబితాలో పెట్టి మర్చిపోతారు. ఆటోమేటిక్ అని వదిలేసిన చోటే నేను ఎక్కువ తప్పులు చూశాను.

పాలమూరు_భాయ్
అంటే టవర్ ఉంది, సిగ్నల్ ఉంది, ఒక వరుస రాయలేదు, అంతేనా? దానికి మనిషి రోజూ ఇబ్బంది పడాలా? కాల్ కట్ అయితే కంపెనీ రూపాయి ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక రూల్ పెట్టింది కదా, అదేమైంది?

వైమాక్స్_కాలంనాటి
2016 జనవరి 1 నుంచి అమలు కావాలి అది. ఒక డ్రాప్‌కు రూపాయి, రోజుకు మూడు వరకు. ఆ ఏడాది మే నెలలోనే సుప్రీంకోర్టు కొట్టేసింది.

సూర్యాపేట_హైవే
నాది చిన్న అనుభవం. ఇంట్లో వైఫై కాలింగ్‌లో మాట్లాడుతూ బండి తీయడానికి గేటు దాటితే కాల్ పోతుంది. ఇది కూడా ఇదే జాతా?

ఆప్టిమైజర్_జడ్చర్ల
దగ్గరి చుట్టం. వైఫై నుంచి 4జీకి కాల్ మారగలదు, కానీ వైఫై పూర్తిగా చచ్చేదాకా ఫోన్ దాన్ని వదలదు. ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్‌కు "మొబైల్ నెట్‌వర్క్‌కు ప్రాధాన్యం" అని ఉంటే అది పెట్టుకో.

హాస్టల్_పిల్ల
మా హాస్టల్లో వరండా అంతా వైఫై బాక్సులే. ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిస్తే క్లాసు వీడియో ఆగిపోతుంది, పక్కనే బాక్సు ఉన్నా సరే.

ఆప్టిమైజర్_జడ్చర్ల
వైఫైలో తలకిందులు చెల్లీ. అక్కడ నిర్ణయం ఫోన్‌దే, అది పాత బాక్సును వదలనంటుంది. టీచర్ గారు అడిగిన ప్రశ్నకు ఇదొక జవాబు, ఫోన్‌కు వదిలేస్తే ఇలా కూడా అవుతుంది. 802.11కే, వీ, ఆర్ అనే మూడు సదుపాయాలు ఉన్నాయి. పక్క బాక్సులు ఏవో చెప్పడానికి ఒకటి, మారమని సలహా ఇవ్వడానికి ఒకటి, మారినప్పుడు పాస్‌వర్డ్ తతంగం కుదించడానికి ఒకటి. బాక్సుల్లో అవి ఆన్ చేసి, పవర్ కొంచెం తగ్గించమని మీ నెట్‌వర్క్ చూసే సార్‌కు చెప్పు. పవర్ పెంచితే ఇంకా పాడవుతుంది.

మిర్యాల_లారీ
5జీ వచ్చాక ఇవన్నీ పోతాయన్నారు. నా ఫోన్‌లో హైవే మీద 5జీ, 4జీ, 5జీ, 4జీ అని మారుతూనే ఉంటుంది, ఛార్జింగ్ కూడా దిగిపోతోంది.

డ్రైవ్‌టెస్ట్_అన్న
3300 మెగాహెర్ట్జ్ 5జీ సెల్ పరిధి చిన్నదన్నా. నార్కట్‌పల్లి, నకిరేకల్ లాంటి ఊళ్లలో ఉంటుంది, మధ్యలో సన్నబడుతుంది. కొన్ని కంపెనీలది 4జీని ఆసరా చేసుకుని నడిచే 5జీ, కొన్నిటిది విడిగా నడిచేది. రెండింటిలోనూ ఊరు ఊరికీ ఎక్కడం దిగడం తప్పదు. లాంగ్ డ్రైవ్‌లో ముఖ్యమైన కాల్ ఉంటే 4జీ మీదే లాక్ చేసుకోండి.

వైమాక్స్_కాలంనాటి
అలాగని 5జీలో కొత్తదనం లేదనుకోవద్దు. టీచర్ గారు కోరుకున్నదే అందులో ఒక రూపంలో వచ్చింది. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ రిలీజ్ 16లో కండిషనల్ హ్యాండోవర్ అని పెట్టింది. సిగ్నల్ ఇంకా బాగున్నప్పుడే టవర్ నాలుగైదు పక్క సెల్‌లలో చోటు సిద్ధం చేయించి, "ఈ షరతు తీరితే నన్ను అడగకుండా ఇటు వెళ్లిపో" అని ఫోన్‌కు ముందే చెప్పి పెడుతుంది. గేటు దగ్గర గొంతు పోయాక ఆదేశం కోసం ఎదురుచూసే అవసరం ఉండదు. అదే రిలీజ్‌లో పాతదాన్ని వదలకుండానే కొత్తదాన్ని పట్టుకునే పద్ధతి కూడా ఉంది. ప్రమాణంలో ఉండటం వేరు, మన లైను మీది టవర్‌లో ఆన్ చేయడం వేరు. పైగా వీటన్నిటికీ పొరుగు ఎవరో టవర్‌కు తెలియాలి. జాబితా తప్పుంటే ఏ జీ అయినా ఒకటే.

నల్లగొండ_రైలు
కంప్లయింట్ మళ్లీ పెట్టాను. ఈసారి గేటు నంబరు, దిక్కు, సమయం, రెండు సెల్ నంబర్లు రాశాను. "మీ ప్రాంతంలో కవరేజీ పెంపు పరిశీలనలో ఉంది" అని జవాబు. నేను కవరేజీ అడగలేదు!

డ్రైవ్‌టెస్ట్_అన్న
అదే టెంప్లేట్ అక్కా, కింద ఉన్నవాళ్లు చదవరు. డాకెట్ నంబరు (మీ ఫిర్యాదు నంబరు) పట్టుకుని అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లండి, అది ఉచితం. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు. అక్కడా తేలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో టెలికాం శాఖకు పెట్టండి. లాగ్ కాగితం మీద రాసి ఫొటో తీసి జత చేయండి, ఇంజనీరు చేతికి అది చేరడం ముఖ్యం.

రామన్నపేట_డైలీ
నేనూ అదే బండి, అదే కంపెనీ సిమ్. వాట్సాప్ కాల్ కూడా అక్కడే "రీకనెక్టింగ్" అంటుంది. నా వివరాలు కూడా జత చేయండి మేడమ్.

నల్లగొండ_రైలు
అప్పిలేట్‌కు వెళ్లాను. ఒక ఇంజనీరు గారు ఫోన్ చేసి గేటు ఎక్కడో, బండి ఏదో శ్రద్ధగా అడిగి తెలుసుకున్నారు. ఈ వారం కాల్ అక్కడ తెగలేదు. యాప్‌లో చూశాను, తుమ్మచెట్లు అయిపోకముందే 212 నుంచి 87కు మారిపోయింది. అప్పుడు 212 మైనస్ 101, 87 మైనస్ 97. మాట్లాడుతున్నవాళ్లకు ఏమీ తెలియలేదు. ఏం సరిచేశారని అడిగాను, "పారామీటర్ కరెక్షన్" అన్నారు.

ఆప్టిమైజర్_జడ్చర్ల
పారామీటర్ అంటే రెండూ కావచ్చు. 87 నంబరు మారలేదు కాబట్టి నా వాదన నిలవాలంటే దూరపు 87 నంబరు మార్చి ఉండాలి. అన్న వాదనకు ఒక వరుస చేరిస్తే చాలు.

డ్రైవ్‌టెస్ట్_అన్న
ఒక వరుసే తమ్ముడూ. రాసి పెట్టుకో.

పాలమూరు_భాయ్
ఒక్క వరుస రాయించడానికి అప్పీలు దాకా పోవాల్సి వచ్చింది చూడండి. నా కోపం టవర్ల మీద నుంచి అటు మళ్లింది ఇప్పుడు.

నల్లగొండ_రైలు
ఘట్‌కేసర్ దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది, అక్కడ తెగదు గానీ బాగా నెమ్మదిస్తుంది.

ఆప్టిమైజర్_జడ్చర్ల
అది జనం. బండి మొత్తం ఒకేసారి కొత్త సెల్‌లోకి వస్తుంది, వందల ఫోన్లు ఒక్కసారిగా చోటు అడుగుతాయి. నగరం అంచు సెల్‌లు అప్పటికే నిండి ఉంటాయి. దానికి నిజంగానే కెపాసిటీ పెంచాలి. ఏసీ బోగీలో ఉంటే లోహం పూత ఉన్న అద్దాలు కూడా సిగ్నల్‌ను కొంత మింగేస్తాయి. తిరుపతి వందేభారత్ ఎక్కినవాళ్లు తలుపు దగ్గరా సీటులోనూ కొలిచి చూడండి, తేడా కనబడుతుంది.

మక్తల్_కుర్రాడు
అక్కా, మీరు పెట్టిన కంప్లయింట్ ఎలా రాశారో ఇక్కడ పెట్టండి. మా దగ్గర బ్రిడ్జి కాక జడ్చర్ల రోడ్డు మీద ఇంకో చోట తెగుతుంది, అది సర్కిల్ గొడవ కాదు కదా.

నల్లగొండ_రైలు
ఇదిగో, ఊళ్ల పేర్లు మార్చుకుని వాడుకోండి.

"ఇది కవరేజీ ఫిర్యాదు కాదు, హ్యాండోవర్ ఫిర్యాదు. వలిగొండ నుంచి రామన్నపేట వైపు ప్రయాణిస్తున్నప్పుడు, ఫలానా నంబరు లెవెల్ క్రాసింగ్ దాటిన వెంటనే, సాయంత్రం వేళ కాల్ తెగుతోంది. ఎదురు దిక్కున తెగడం లేదు. తెగే ముందు సర్వింగ్ సెల్ 212, మైనస్ 119. అదే సమయంలో పక్క సెల్ 87, మైనస్ 88. వేరే ఫోన్‌తోనూ, వేరే ప్రయాణికుడి సిమ్‌తోనూ ఇదే ఫలితం. 212 పొరుగు జాబితాలో 87 ఉందో లేదో, 87 నంబరు దగ్గరలో ఇంకో సెల్‌కు ఉందో పరిశీలించగలరు. లాగ్ ఫొటో జతచేశాను."

ఇద్దరు అన్నల వాదనలూ పెట్టాను అందులో. ఏది నిజమైనా వాళ్లే చూసుకుంటారని.

మక్తల్_కుర్రాడు
తీసుకున్నా అక్కా. దేవరకద్ర దాటాక తెగే చోటు ఉంది, ఈ వారం బస్సులో పోతూ వస్తూ రెండు దిక్కులా రాసి ఇక్కడే పెడతా.

డ్రైవ్‌టెస్ట్_అన్న
బస్సులో కిటికీ పక్కనే కూర్చో, ఫోన్ ఒకే చేతిలో ఒకేలా పట్టుకో. పోయేటప్పుడు కుడి కిటికీ అయితే వచ్చేటప్పుడు ఎడమ కిటికీ, అప్పుడే ఫోన్ రోడ్డుకు అదే వైపున ఉంటుంది. సెల్ నంబరు పక్కన బ్యాండ్ (ఏ ఫ్రీక్వెన్సీయో) కూడా రాయి. 2300 మెగాహెర్ట్జ్ నుంచి 850కి మారే చోటైతే కథ వేరు. వేరే ఫ్రీక్వెన్సీని కొలవడానికి ఫోన్‌కు 40 లేదా 80 మిల్లీసెకన్లకు ఒకసారి 6 మిల్లీసెకన్ల విరామం ఇస్తారు, ఉన్న సిగ్నల్ ఒక హద్దు కిందికి దిగితేనే అది మొదలవుతుంది. ఆ హద్దు మరీ కింద పెట్టి ఉంటే ఫోన్ పక్కకు చూసేసరికే ఆలస్యం అయిపోతుంది.